గుంట పక్కన కూర్చుని అన్నం తిన్నవాళ్ళు

చర్చిలో అన్నదమ్ముల తగువు తీర్చాల్సి వస్తే ముందుగా బయటికి తీసే కథ యోసేపుది. అన్నలు అసూయతో గుంటలో పడేశారు, 20 తులాల వెండికి అమ్మేశారు. ఆ తమ్ముడే ఐగుప్తులో పెద్ద అధికారి అయ్యాడు, కరువులో వాళ్ళు ధాన్యానికొస్తే కౌగిలించుకుని ఏడ్చాడు. కాబట్టి మీరూ క్షమించేయండి, ఆమెన్. మూడేళ్ళ కిందట నాన్న జ్ఞాపకార్థ కూటంలో ఈ ప్రసంగమే విన్నాను. చెబుతున్నంతసేపూ పాస్టరు గారు మా అక్క వైపే చూశారు. అన్నయ్య వైపు గానీ నా వైపు గానీ ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ ప్రసంగం తప్పని నా వాదన. వేదాంతం సంగతి నాకు తెలీదు, కోడ్ రాసుకుని బతికేవాణ్ణి. నేననేది చదవడంలో తప్పు గురించి. ఆదికాండం 37 నుంచి 50 దాకా వరసగా చదివి చూడండి, ఒక సాయంత్రం పని. అందులో క్షమించినవాడి కథ ఎంతుందో, తప్పు చేసినవాళ్ళ కథా అంతే ఉంది. మనం రెండోది కత్తిరించేసి మొదటిదాన్ని బాధితుల మీద ప్రయోగిస్తున్నాం.

37వ అధ్యాయంలో తమ్ముణ్ణి గుంటలో పడేశాక అన్నలు భోజనానికి కూర్చుంటారు. అప్పుడు యోసేపు ఏడ్చాడా, అరిచాడా? కథకుడు ఒక్క ముక్క చెప్పడు. అది మనకి తెలిసేది 42వ అధ్యాయంలో, ఇరవై ఏళ్ళు దాటాక, అన్నల నోటి నుంచి. ఐగుప్తులో వాళ్ళ మీద గూఢచారులన్న నింద పడుతుంది. ఎదురుగా ఉన్న అధికారికి తమ భాష రాదనుకుని, వాడు బతిమాలుకుంటుంటే మనం వినలేదు కదా అని తమలో తాము అనుకుంటారు. అంటే ఆ రోజు ముద్ద మింగుతున్నంతసేపూ కేకలు వినబడుతూనే ఉన్నాయన్నమాట. అపరాధ భావాన్ని ఇంత తక్కువ మాటల్లో రాసిన కథ నేను ఇంకోటి చదవలేదు.

యోసేపు వెంటనే కరిగిపోయాడా? లేదు. పక్కకెళ్ళి ఏడ్చాడు, వెనక్కొచ్చి షిమ్యోనును కట్టించాడు. తర్వాత బెన్యామీను గోనెలో తన వెండి గిన్నె పెట్టించి, దొంగతనం అంటగట్టి, వాణ్ణి మాత్రం బానిసగా ఉంచుకుంటానన్నాడు. ప్రసంగాల్లో దీన్ని కొంచెం ఇబ్బందిగా దాటేస్తారు, హీరో ఇలా చేయడమేమిటని. నాకు మాత్రం ఇది బాగా తెలిసిన పనిలా కనబడింది. బగ్ పోయిందని డెవలపర్ చెబితే సరిపోదు, అదే ఇన్‌పుట్ మళ్ళీ ఇచ్చి చూడాలి. అదే తండ్రి, అదే పక్షపాతం, రాహేలు కన్న ఇంకో కొడుకు. వీణ్ణీ వదిలేసి ఇంటికి పోతారా? 12వ శతాబ్దపు యూదు పండితుడు మైమోనిడీస్ సంపూర్ణ పశ్చాత్తాపానికి ఇచ్చిన నిర్వచనమూ ఇదే: అదే తప్పు చేసే అవకాశం మళ్ళీ వచ్చి, చేయగలిగీ చేయకపోవడం.

అప్పుడు యూదా ముందుకొస్తాడు. అమ్మేద్దామని 37లో సలహా ఇచ్చిన యూదాయే. 44వ అధ్యాయంలో సుదీర్ఘంగా మాట్లాడతాడు. నా భార్య నాకు ఇద్దరు కొడుకులను కన్నదని తండ్రి అన్న మాటని అతనే చెబుతాడు. మరి తనెవరి కొడుకు? లేయా కొడుకు, ఆ లెక్కలో లేనివాడు. ఒకప్పుడు ఆ పక్షపాతం మీద కోపంతోనే తమ్ముణ్ణి అమ్మారు. ఇప్పుడు దాన్ని మింగేసి, తండ్రి తట్టుకోలేడు, కుర్రాడి బదులు నన్ను బానిసగా ఉంచుకోమంటాడు. యోసేపు తానెవరో చెప్పేది ఈ మాటల తర్వాతే. కౌగిలింత మాత్రమే చెప్పి యూదాని వదిలేసే ప్రసంగం, బిల్లు కట్టకుండా భోజనం మెచ్చుకోవడం లాంటిది.

మరి ఏశావు అలా అడగలేదు కదా, పరిగెత్తుకొచ్చి యాకోబుని కౌగిలించుకున్నాడు కదా అంటారు. నిజమే. కానీ యాకోబు చేతులూపుకుంటూ రాలేదు. మేకలు, గొర్రెలు, ఒంటెలు, ఆవులు, గాడిదలు, పిల్లల్ని వదిలేసి లెక్కేసినా 550 ముందే పంపాడు. వద్దన్న అన్నని బలవంతపెడుతూ అతను వాడిన హీబ్రూ మాట బెరాఖా, ఆశీర్వాదం. ఒకప్పుడు అన్న దగ్గర కాజేసింది కూడా అదే. కానుక అని అనువదిస్తే ఇది కనబడదు.

కొత్త నిబంధనకొస్తే, డెబ్బై ఏళ్ళ మారులు క్షమించమన్న మాట అందరికీ కంఠతా. లూకా 17లో మారుమనస్సు పొందితే అన్న షరతు ఉందని ఎంతమందికి గుర్తు? మత్తయి 5లో, బలిపీఠం దగ్గర అర్పణ వదిలి ముందు వెళ్ళి సమాధానపడమన్నది ఎవరిని? సహోదరుడికి ఎవరి మీద ఫిర్యాదు ఉందో వాణ్ణి. అంటే మా ఇంట్లో లేచి వెళ్ళాల్సింది అక్క కాదు.

నాన్న పోయిన ఏడాదికి అక్క చేత రిలీజ్ డీడ్ మీద సంతకం పెట్టించాం. పెళ్ళప్పుడు ఇచ్చాం కదా అన్నాడు అన్నయ్య. నాన్న ఉంటే ఇదే కోరుకునేవాడని అన్నది నేను. ఆయన ఆ మాట ఎప్పుడూ అనలేదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి అటే వెళ్ళి ముగ్గురం బిరియానీ తిన్నాం. అక్క సగం వదిలేసింది.

అందుకే 50వ అధ్యాయం చదువుతుంటే ఆగిపోయాను. యాకోబు చనిపోయాడు. కౌగిలింత జరిగి 17 ఏళ్ళయింది, అయినా అన్నలకి భయం పోలేదు. నాన్న చనిపోయేముందు మమ్మల్ని క్షమించమన్నాడని యోసేపుకి కబురు పంపుతారు. యాకోబు అలా అన్నట్టు అంతకుముందు ఎక్కడా లేదు. యోసేపు ఏడుస్తాడు. భయపడకండి, మిమ్మల్నీ మీ పిల్లల్నీ పోషిస్తాను అంటాడు. క్షమించాను అన్న మాట మాత్రం అక్కడా లేదు.

పోయిన ఆదివారం అన్నయ్యకి ఫోన్ చేసి స్థలం విషయం ఎత్తాను. "అక్కే ఊరుకుంటే నీకెందుకురా?" అన్నాడు. మా ఇద్దరి వాటాలూ వేరు పడ్డాయి కాబట్టి నా దాంట్లో మూడో వంతు అక్క పేర రాయడానికి వాడి సంతకం అక్కర్లేదట, లాయరు చెప్పాడు. వచ్చే వారం ఊరెళ్తున్నాను. అక్కకి ఇంకా చెప్పలేదు.