ఆల్బం క్యాసెట్టుతో పుట్టలేదు

సంపాదకులకు,

గత సంచికలో తెలుగు ప్రైవేటు ఆల్బంల మీద వచ్చిన వ్యాసం హాయిగా చదివించింది. కానీ సినిమాతో సంబంధం లేని పాట జనంలోకి వెళ్లింది క్యాసెట్ల కాలంలోనే అన్న మాట దగ్గర పంటికింద రాయి తగిలింది.

ఆ మాట నిలవదని చెప్పడానికి ఘంటసాల ఒక్కరు చాలు. గుంటూరు అధ్యాపకుడు జంధ్యాల పాపయ్యశాస్త్రి, అదే మన కరుణశ్రీ, రాయగా ఘంటసాల పాడిన ‘పుష్పవిలాపం’ ఏ సినిమా కోసమూ పుట్టింది కాదు. నిమిషానికి 78 చుట్లు తిరిగే గ్రామఫోను ప్లేటులో ఒక పక్కకు పట్టేది మూడు నిమిషాల పైచిలుకే. కీ ఇచ్చి, ముల్లు దించి, అది అయిపోగానే ప్లేటు తిరగేసి మరీ వినేవారు. హీరో లేడు, డాన్సు లేదు. పువ్వుల గోడు, ఆ గొంతు, అంతే!

ఇక భగవద్గీత. శ్లోకం పాడి, వెంటనే తెలుగులో తాత్పర్యం చెప్పే ఆ రికార్డు 1974 ఫిబ్రవరి 11న ఘంటసాల కన్నుమూశాకే విడుదలైంది. గుడి మైకు నుంచి వైకుంఠ రథం దాకా అది మోగని ఊరు లేదు. (పొద్దున్నే వినిపిస్తే పక్కింటివాళ్లు కంగారుపడి తొంగిచూసే పరిస్థితి వచ్చిందనుకోండి, అది వేరే సంగతి.) ఎం.ఎస్. రామారావు తానే రాసి పాడిన సుందరకాండ కూడా ఇంటింటా మోగినదే.

క్యాసెట్టు చేసిన మేలు కాదనలేం. చవకగా దొరికేది, జేబులో పట్టేది. అంతవరకే. ఆ వ్యాసం పుస్తకంగా వస్తే మొదటి అధ్యాయం గ్రామఫోను ప్లేటుతో మొదలుపెట్టమని వ్యాసకర్తకు మనవి.

— ఒక పాఠకుడు, తెనాలి