అట్టికస్ సంగతి తర్వాత, ముందు ఆ పన్నెండు మంది సంగతి చెప్పండి

అమెరికాలో ఉన్న మనవాళ్ళ పిల్లలు ఎనిమిదో తొమ్మిదో క్లాసుకొచ్చేసరికి చాలా బళ్ళలో 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' చేతిలో పెడతారు. హార్పర్ లీ నవల. 1960లో వచ్చింది, 1961లో పులిట్జర్ కొట్టింది. 1962లో సినిమా తీస్తే లాయరు అట్టికస్ ఫించ్‌గా వేసిన గ్రెగరీ పెక్‌కి ఆస్కార్ వచ్చింది. అక్కడ మొదలవుతుంది మనవాళ్ళ సణుగుడు. "తెల్లవాళ్ళకీ నల్లవాళ్ళకీ ఉన్న పాత గొడవ, మధ్యలో మన పిల్లాడికెందుకండీ? ఆ టైములో ఇంకో రెండు ఆల్జీబ్రా చాప్టర్లు చేసుకుంటే పనికొస్తుంది."

ఈ మాటకి జవాబివ్వాలనే ఈ టపా. కానీ దానికంటే ముందు, ఈ పుస్తకం వద్దనే మిగతావాళ్ళ సంగతి కాస్త చూడాలి. ఎందుకంటే వాళ్ళందరూ ఒకటి కాదు.

1966లో వర్జీనియాలోని హానోవర్ కౌంటీ స్కూల్ బోర్డు ఇది అనైతికమైన పుస్తకమని తీసి అవతల పారేసింది. 2017లో మిసిసిపీలోని బిలాక్సీలో, ఇందులో మాటలు ఇబ్బందిగా ఉన్నాయని ఎనిమిదో క్లాసు పాఠాల్లోంచి ఎత్తేశారు. మిసిసిపీలో జాతి వివక్ష గురించి చదివితే ఇబ్బందిగా ఉండదా మరి? ఇబ్బంది పెట్టడానికేగా రాసింది! వీళ్ళతో వాదన దండగ. 2022లో సియాటిల్ దగ్గరి ముకిల్టియోలో జరిగింది వేరు. అక్కడ అడిగింది టీచర్లే. ఇది తెల్లవాడు వచ్చి ఉద్ధరించే కథ, నల్లవాళ్ళు ఇందులో జాలిపడటానికే ఉన్నారు, పైగా ఆ తిట్టుమాట క్లాసులో పదేపదే వినాల్సి వస్తోంది అన్నారు. తొమ్మిదో క్లాసులో తప్పనిసరి అన్నది తీసేశారు, కావాలన్న టీచరు చెప్పుకోవచ్చు.

ఈ టీచర్ల మాటలో సగం ఒప్పుకోవాల్సిందే. క్లాసులో ఉన్న ఒక్క నల్లజాతి పిల్లో పిల్లాడో ఆ పేజీలు పైకి చదువుతుంటే తల దించుకుని కూర్చోవడం చిన్న విషయం కాదు. కానీ నాకు తప్పు పుస్తకంలో కన్నా చెప్పే పద్ధతిలో ఎక్కువ కనిపిస్తుంది. మన బజారు గైడుల్లో 'ఫలానావారి సుగుణములు అయిదు వ్రాయుము' అని ఉండేది గుర్తుందా? అదే వరస. అట్టికస్ ఎంత మంచివాడు, ఎదుటివాడి స్థానంలో నిలబడి చూడమన్నాడు, అంచేత మనందరం మంచిగా ఉందాం. గోడకి పోస్టరు, ఒక ఎస్సే, ఏ గ్రేడు. అయిపోయింది.

అసలు పుస్తకంలో ఏముంది? 1930ల అలబామా, మేకోంబ్ అనే ఊరు. టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలీ మయెల్లా అనే తెల్లపిల్లని చెరిచాడని కేసు. దెబ్బలు ఆమె మొహానికి కుడివైపు ఉన్నాయి, అంటే కొట్టినవాడిది ఎడమచేతి వాటం. టామ్ ఎడమచెయ్యి చిన్నప్పుడే పత్తి మిషన్లో పడి పనికిరాకుండా పోయింది. ఆమె తండ్రి కోర్టులోనే ఎడమచేత్తో సంతకం చేసి చూపిస్తాడు. డాక్టర్ని పిలిచినవాడే లేడు. మన భాషలో చెప్పాలంటే రీప్రో స్టెప్స్, లాగ్‌లు, స్క్రీన్‌షాట్లు అన్నీ పెట్టి ఇచ్చిన బగ్ రిపోర్టు. పన్నెండు మంది వెళ్ళి కూర్చుని, గంటల తరబడి చర్చించి, 'నాట్ ఎ బగ్' అని క్లోజ్ చేసి వస్తారు.

అంతకన్నా ముఖ్యమైన ఘట్టం ఇంకోటుంది. ఆమెకి కట్టెలు కొట్టి, నీళ్ళు మోసి, డబ్బు ఎందుకు తీసుకోలేదని ప్రాసిక్యూటరు టామ్‌ని అడుగుతాడు. ఆమెని చూస్తే జాలేసిందంటాడు టామ్. అంతే, కేసు అక్కడ పోయింది. ఒక నల్లవాడు తెల్లదాన్ని చూసి జాలిపడటమా! ఆ ఊళ్ళో అత్యాచారం కన్నా అదే పెద్ద నేరం. జాలి అనేది పైనుంచి కిందకే పారాలని అక్కడి లెక్క. క్లాసులో వారం రోజులు చెప్పాల్సింది ఇది. నల్లవాళ్ళు జాలిపడటానికే ఉన్నారన్న టీచర్లకి కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఈ పుస్తకంలో ప్రాణం మీదికొచ్చేలా జాలిపడ్డది టామే.

ఇంకో చిన్న సంగతి. జ్యూరీలో ఒకడు విడుదల చేద్దామని కాసేపు గింజుకున్నాడని తర్వాత తెలుస్తుంది. వాడు విచారణకి ముందు రాత్రి టామ్‌ని చంపడానికి జైలుకొచ్చిన గుంపువాళ్ళ చుట్టమే. అయినా చివరికి వాడూ మిగతావాళ్ళ పక్కనే చేరాడు. అట్టికస్ కన్నా వీడి గురించి ఎస్సే రాయించండి మహాప్రభో!

ఇదంతా కల్పన అనుకోకుండా పక్కనే స్కాట్స్‌బరో కేసు చెప్పాలి. 1931లో అదే అలబామాలో గూడ్స్ బండిలో పోతున్న తొమ్మిది మంది నల్లకుర్రాళ్ళ మీద ఇద్దరు తెల్ల ఆడవాళ్ళు ఇదే ఆరోపణ చేశారు. కొద్ది రోజుల్లో విచారణ ముగించి ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. 1933లో ఆ ఇద్దరిలో ఒకామె అదంతా అబద్ధమని కోర్టులో ఒప్పుకున్నా జ్యూరీ మళ్ళీ దోషి అనే అంది. నల్లవాళ్ళని జ్యూరీల్లోకి రానివ్వకపోవడం చెల్లదని 1935లో సుప్రీంకోర్టు చెప్పింది. చివరి ముగ్గురికి అలబామా క్షమాపణ ఇచ్చింది 2013లో. అప్పటికి వాళ్ళెవరూ బతికి లేరు.

సరే, ఇహ 'మనకెందుకండీ' బృందం. మేకోంబ్ కోర్టులో మీరెక్కడ కూర్చునేవారు? కింద తెల్లవాళ్ళ బెంచీల్లోనా, పైన నల్లవాళ్ళ బాల్కనీలోనా? భారతీయులు తెల్లవాళ్ళ కింద రారు, పౌరసత్వం లేదు పొమ్మని 1923లో థిండ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టే తేల్చింది. మనవాళ్ళు గుంపులుగా దిగడానికి తలుపు తెరిచింది 1965 వలస చట్టం. అది వచ్చింది నల్లవాళ్ళు వీధుల్లో దెబ్బలు తిని సాధించుకున్న 1964, 1965 పౌరహక్కుల చట్టాల ఊపులోనే. ఆ లెక్కన మన గ్రీన్‌కార్డు క్యూలో మొదట నిలబడింది వాళ్ళు. వాళ్ళ కథ మనకెందుకంటే ఏమనాలి?

నా అనుమానం ఏంటంటే, మనవాళ్ళ భయం ఆల్జీబ్రా గురించి కాదు. పిల్లది పుస్తకం మూసి, "నాన్నా, మీ ఊళ్ళో ఇలాంటివి ఉండేవా?" అని అడుగుతుందని. హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి గురించి చెప్పాలి. చుండూరు గురించి చెప్పాలి. 1991లో ఎనిమిది మంది దళితులను చంపితే 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అవన్నీ కొట్టేసింది. మనకి జ్యూరీలు లేవు గనక ఆ పన్నెండు మంది మీదికి నెట్టడానికి కూడా కుదరదు.

అందుకని పేరెంట్-టీచర్ మీటింగులో 'మావాడి గ్రేడెంత' అని అడిగాక ఇంకో రెండు అడగండి. టామ్ సాక్ష్యానికి ఎన్ని పీరియడ్లు ఇస్తున్నారు? దీంతోపాటు మిల్డ్రెడ్ టేలర్ 1976 నవల 'రోల్ ఆఫ్ థండర్, హియర్ మై క్రై' కూడా చదివిస్తున్నారా? అది అదే 1930లలో మిసిసిపీలో సొంత భూమిని కాపాడుకునే నల్లజాతి కుటుంబం కథ. అందులో కథ చెప్పేది ఆ ఇంటి పిల్లే.