వందేళ్ల ఫొటో: ఎంత వెలుతురులో?

ఇంక్‌జెట్ ఫొటోను కళాఖండంగా అమ్మేటప్పుడు ‘వందేళ్లు రంగు పోదు’ అనే మాట ధరతో పాటే వినిపిస్తుంది. ఆ వందేళ్లు ఎలా లెక్కగట్టారో కొనేవాళ్లు అడగరు, అమ్మేవాళ్లు చెప్పరు.

వందేళ్లు ఆగి చూడటం ఎవరికీ సాధ్యం కాదు. అందుకని ప్రయోగశాలలో ప్రింటు మీద చాలా తీవ్రమైన కాంతి వేసి, రంగు ఫలానా మేరకు తగ్గడానికి మొత్తం ఎంత కాంతి పట్టిందో కొలుస్తారు. దాన్ని ఇంట్లో ఏడాదికి పడే కాంతితో భాగిస్తే ఆయుష్షు వస్తుంది. మరి ఇంట్లో వెలుతురు ఎంత? ఈ రంగంలో పేరున్న హెన్రీ విల్‌హెల్మ్ సంస్థ రోజుకు 12 గంటల చొప్పున 450 లక్స్ అనుకుంది. కొడాక్ 120 లక్స్ అనుకుంది. కొడాక్ లెక్కలో వందేళ్లు వచ్చే ప్రింటుకు విల్‌హెల్మ్ లెక్కలో సుమారు 27 ఏళ్లే వస్తాయి. సిరా మారలేదు, కాగితం మారలేదు. మారింది ఊహించుకున్న గది వెలుతురే. కిటికీ ఎదురుగా ఉన్న మన గోడల మీద పగలు 450 లక్స్ దాటడం పెద్ద విషయమేమీ కాదు.

పైగా రంగును తినేది కాంతి ఒక్కటే కాదు. 2000లో వచ్చిన ఎప్సన్ స్టైలస్ ఫొటో 870, 1270 ప్రింటర్లతో తీసిన ఫొటోలు కొందరి ఇళ్లలో వారాల్లోనే నారింజ రంగుకు తిరిగాయి. కాగితం పూతలోని సన్నటి రంధ్రాల గుండా గాలిలోని ఓజోన్ చేరి సయాన్ డైని విరగ్గొట్టింది. సయాన్ పోతే మిగిలేవి మెజెంటా, పసుపు. కాంతి పరీక్ష ఈ ముప్పును పట్టుకోలేదు.

డై సిరాలో రంగు అణువులు విడివిడిగా కరిగి ఉంటాయి. పిగ్మెంట్ సిరాలో అవి గుంపుగా గట్టి రేణువుల్లో ఉంటాయి. పైనున్నవి దెబ్బతిన్నా లోపలివి మిగులుతాయి. గ్యాలరీలు పిగ్మెంట్ ప్రింట్లనే కోరుకోవడానికి కారణం ఇదే.

‘ఫైలు ఉందిగా, వెలిసిపోతే మళ్లీ తీయొచ్చు’ అంటారు. కానీ 10 ప్రతులే అని మాటిచ్చి అమ్మాక 11వది తీస్తే ఆ మాటకు విలువేముంది? కొన్నవారి చేతిలో ఉన్నది ఫైలు కాదు, కాగితం. దాని ఆయుష్షు కూడా ధరలో భాగమే.

మన్నితేనే కళ అని నేననను. నీటిరంగుల చిత్రాలూ వెలుస్తాయి. ఆ సంగతి తెలుసు కాబట్టే మ్యూజియాలు వాటిని 50 లక్స్ మసక వెలుతురులో ఉంచి కాపాడుకుంటున్నాయి. ఫొటో విలువను తగ్గించేది వెలిసే గుణం కాదు, దాన్ని చెప్పకపోవడం.

అందుకే ప్రింటు వెనక సంతకంతో పాటు సిరా రకం, కాగితం, ముద్రించిన సంవత్సరం ఉండాలి. ఆయుష్షు రాస్తే అది ఎన్ని లక్స్‌కో, అద్దం ఉంటేనో లేకుంటేనో కూడా రాయాలి. కొనేవారు ‘ఎన్నేళ్లు?’ అని అడిగి ఊరుకోకండి. ‘ఎంత వెలుతురులో?’ అని కూడా అడగండి.