కుండీ అడుగున థర్మోకోల్: బరువు తగ్గుతుంది, నీరు దిగదు

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో, మరమగ్గాల పనికి వెళ్లి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇరుకు వాడల్లో మొక్కలకు మిగిలేది డాబా ఒక్కటే. అక్కడ మొదట చూసుకోవలసింది బరువు. మనుషులు తిరిగే పైకప్పుకు భారతీయ ప్రమాణం ఐఎస్ 875 లెక్కలోకి తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. తడిసిన మట్టి లీటరు ఒకటిన్నర కిలోల పైనే తూగుతుంది. అంటే డాబా అంతా పరిస్తే 10 సెంటీమీటర్ల మట్టికే ఆ లెక్క సరిపోతుంది.

అందుకే టీవీ, ఫ్రిజ్ పెట్టెల్లో వచ్చిన థర్మోకోల్‌ను ముక్కలు చేసి కుండీ అడుగున వేస్తుంటారు. అందులో దాదాపు 98 శాతం గాలే కాబట్టి బరువు తగ్గే మాట నిజం. నీరు కూడా బాగా దిగుతుందనడమే పొరపాటు.

తడి స్పాంజిని అడ్డంగా పట్టుకుంటే కాసేపటికి కారడం ఆగుతుంది. దాన్నే నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. సన్నని రంధ్రాలు కొంత ఎత్తు వరకు నీటిని వదలవు. మట్టీ అంతే. కింద పెద్ద సందులున్న ముక్కల పొర ఉంటే, పైమట్టి పూర్తిగా నానేదాకా నీరు అందులోకి దిగదు. అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ గార్డ్‌నర్ 1950ల చివర్లోనే దీన్ని ఫిల్మ్ తీసి మరీ చూపించారు. అయినా పెంకులు, గులకరాళ్ల సలహా ఇప్పటికీ పోలేదు! ముక్కల పొర వేస్తే ఆ బురద భాగం అంత మేర పైకి, వేళ్ల దగ్గరికి జరుగుతుంది. సూరత్‌లో ఏడాది వానంతా దాదాపు జూన్–సెప్టెంబరు మధ్యే పడుతుంది. వేరుకుళ్లుకు అంతకంటే ఏం కావాలి?

పైగా థర్మోకోల్ పూసలుగా రాలి మట్టిలో కలుస్తుంది. ఏరడం అసాధ్యం.

మూత బిగించిన ఖాళీ నీళ్ల సీసాలు మేలు. వాటిని పొరలా పేర్చకుండా ఎడంగా నిలబెట్టి, సందుల్లో మట్టి కుండీ అడుగును తాకేలా కూరాలి. అప్పుడు మట్టి పైనుంచి రంధ్రం దాకా తెగకుండా ఉంటుంది, నీరు దారి తప్పదు. లీటరు సీసాలు ఐదు పెడితే ఏడు కిలోలకు పైగా తగ్గుతుంది. వేళ్లకు చోటూ తగ్గుతుంది కనుక ఇది పెద్ద తొట్లకే పనికొస్తుంది. నీరు బాగా దిగాలంటే మట్టి మొత్తంలో కొబ్బరి పొట్టు, ముతక ఇసుక కలపాలి. ఇసుక బరువే, కాబట్టి కొద్దిగానే. రంధ్రం మీద దోమతెర ముక్క చాలు.