సంతవీధిలో అడిగిన ప్రశ్న

"ఈ మూడేళ్లు ఏం చేశారు?" ఇంటర్వ్యూకు వెళ్లిన మన బిడ్డలు తల దించుకుంటున్నది ఈ ఒక్క ప్రశ్న దగ్గరే. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకల్లోని ఏ సంఘానికి వెళ్లినా దీనికి జవాబు వెతుక్కుంటున్నవాళ్లు కనిపిస్తారు. డీఎస్సీ సంగతే చూడండి. 2018లో డీఎస్సీ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు వెలువడిన ప్రకటన రద్దయింది. 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చేసరికి 2025 ఏప్రిల్ అయింది. అందులో ఉద్యోగం రానివాళ్లు ఇప్పుడు ప్రైవేటు సంస్థల తలుపు తట్టాలి. పక్షవాతం వచ్చిన తండ్రిని చూసుకున్న కొడుకుది, కాన్పు తరువాత నర్సు ఉద్యోగం మానేసిన కోడలిది, 2020 లాక్‌డౌన్‌లో హైదరాబాద్ నుంచి ఇంటికి చేరిన ఇంజినీరుది కూడా ఇదే ఇబ్బంది.

2006లో కొల్లేరు అభయారణ్యంలోని చేపల చెరువులను తొలగించినప్పుడు పని పోయినవాళ్లను ఎందుకు ఖాళీగా ఉన్నారని ఊళ్లో ఎవరూ అడగనక్కర్లేదు. కారణం అందరికీ తెలుసు. ఎక్కడో హైదరాబాద్‌లో కూర్చున్న అధికారికి మన ఇంటి సంగతి తెలియదు. కాబట్టి అడుగుతాడు. అడగడం అవమానించడం కాదు.

అయితే ఇక్కడే శోధన ఎదురవుతుంది. డబ్బిస్తే లేని కంపెనీలో పనిచేసినట్టు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లున్నారు. "అందరూ పెడుతున్నారు, నువ్వూ పెట్టు" అనే స్నేహితులున్నారు. పీఎఫ్ ఉన్న ఉద్యోగాల్లో చేరిన తేదీ, మానిన తేదీ యూఏఎన్ నంబరు కింద నమోదై ఉంటాయి. అబద్ధం చెబితే దొరికిపోతామన్నది లోకజ్ఞానం. దొరకకపోయినా ప్రతి నెలా తీసుకునే జీతం ఆ అబద్ధం మీదే నిలబడి ఉంటుందన్నది విశ్వాసి గుర్తించవలసిన సంగతి. అబద్ధంతో సంపాదించిన జీతంలో దశమభాగం ఇచ్చినంత మాత్రాన అది పరిశుద్ధం కాదు.

ద్రాక్షతోట యజమాని సాయంత్రం అయిదు గంటలకు సంతవీధికి వెళ్లి, అక్కడ నిలిచినవారిని ఇదే ప్రశ్న అడిగాడు (మత్తయి 20:6,7). రోజంతా ఎందుకు ఖాళీగా ఉన్నారన్నాడు. తమను ఎవరూ పనికి పిలవలేదని వాళ్లు ఉన్నమాట చెప్పారు. ఉదయమంతా వేరే తోటలో పనిచేశామని కల్పించలేదు. ఈ ఉపమానం ప్రధానంగా దేవుని కృపను గూర్చినది, ఉద్యోగాలను గూర్చినది కాదు. అయినా ఆ కృప వాళ్లను కలుసుకున్నది ఉన్నమాట చెప్పిన చోటే.

ఎలా చెప్పాలో యోసేపు దగ్గర నేర్చుకోవచ్చు. పదిహేడేళ్ల వయసులో అమ్ముడుపోయినవాడు ఫరో ఎదుట నిలిచేనాటికి ముప్పై ఏళ్లవాడు. పదమూడేళ్లు దాసత్వంలో, చెరసాలలో గడిచాయి. పానదాయకుల అధిపతికి తన కథ చెప్పినప్పుడు రెండే మాటల్లో ముగించాడు. తనను దొంగిలించి తెచ్చారనీ, ఇక్కడ తాను ఏ నేరమూ చేయలేదనీ చెప్పాడు (ఆది 40:15). అన్నల పేరెత్తలేదు, పోతీఫరు భార్యను తిట్టలేదు. ఫరో పిలిచినప్పుడు క్షౌరం చేయించుకొని, బట్టలు మార్చుకొని వెళ్లాడు. అక్కడ చెరసాల గోడు వెళ్లబోసుకోలేదు, పంటలో అయిదో వంతు ఎలా నిల్వ చేయాలో చెప్పాడు. మన బిడ్డలూ అంతే చేయాలి. "నాన్నగారికి జబ్బు చేస్తే రెండేళ్లు దగ్గరుండి చూసుకున్నాను. ఇప్పుడు పనికి సిద్ధంగా ఉన్నాను" అంటే చాలు. పాత యజమాని మీద నింద వద్దు, సానుభూతి కోసం కన్నీళ్లూ వద్దు. ఆ కాలంలో నేర్చుకున్నది ఉంటే చెప్పి, చేయబోయే పనిలోకి మాట తిప్పాలి. చేపల రైతు పట్టుబడి అయ్యాక చెరువు ఎండగట్టి సున్నం చల్లుతాడు. ఆ ఎండిన రోజులను నష్టమని ఎవరూ అనరు.

సంఘానికీ ఇందులో పని ఉంది. మన పాఠశాలలు, క్లినిక్కులు నడిపేవారిని "రెండేళ్లు మీ దగ్గర చేసినట్టు రాసివ్వండి" అని అడుగుతుంటారు. జాలితోనైనా అలా రాయకూడదు. ఆ అబ్బాయి నిజంగా సండేస్కూల్లో పిల్లలకు చెప్పాడా? ఆ అమ్మాయి స్త్రీల సమాజం లెక్కలు రాసిందా? అది ఉన్నదున్నట్టుగా రాసి సంతకం చేద్దాం. అబద్ధపు సర్టిఫికెట్ కంటే ఆ ఉత్తరం బలమైనది.

ఇక రైస్ మిల్లులు, ఆసుపత్రులు, స్కూళ్లు నడుపుతూ ఆదివారం ముందు వరుసలో కూర్చునే పెద్దలకు ఒక మాట. ఆ యజమాని ప్రశ్న అడిగాడు, జవాబు విన్నాడు, తోటలోకి రమ్మన్నాడు. మనలో చాలామంది మొదటిది చేసి ఆగిపోతున్నాం. నిజం చెప్పినవాడిని వెళ్లగొట్టి, అబద్ధం చెప్పినవాడికి ఉద్యోగమిస్తే అబద్ధాన్ని నేర్పింది మనమే అవుతాం. ఈ వారం మీ ఎదుట ఎవరైనా ఖాళీగా గడిచిన ఏళ్లను దాచకుండా చెబితే, ఆ నిజాయితీని అర్హతల్లో ఒకటిగా లెక్కించండి.