చక్రములపై రాజభవనములు

మన దేశమున రైలుబండి నడచిన తొలినాళ్లనుండియు దానిలో రెండు లోకములు ప్రయాణము చేసినవి. సంస్థానాధీశులకును రాజప్రతినిధికిని ప్రత్యేకముగా కట్టించిన సెలూనులు ఒక లోకము. చెక్కబల్లలపై కిక్కిరిసి కూర్చుండిన మూడవ తరగతి జనము రెండవ లోకము. స్వరాజ్యము వచ్చినది, సంస్థానములు విలీనమైనవి, 1971లో రాజభరణములు రద్దైనవి, 1974లో మూడవ తరగతి యను పేరును పోయినది. అయినను 1982 జనవరి 26వ తేదీన, సరిగా గణతంత్ర దినోత్సవమునాడు, ఆ పాత సెలూనులనే ఒక వరుసగా కూర్చి, ‘ప్యాలెస్ ఆన్ వీల్స్’ అను పేర రైల్వేశాఖయు రాజస్థాన పర్యాటక సంస్థయు కలిసి విలాసయాత్రలకు నడిపించినవి. నిజాము సెలూనును వాటిలోనుండెను. రాజులు దిగిపోయిరి, రొక్కము గలవారు ఎక్కిరి.

ఆ బండి విజయము చూచి మరికొన్ని బయలుదేరినవి. 2004లో మహారాష్ట్రమున ‘డెక్కన్ ఒడిస్సీ’, 2008లో కర్ణాటకమున ‘గోల్డెన్ చారియట్’, 2010లో ‘మహారాజాస్ ఎక్స్‌ప్రెస్’ పట్టాలెక్కినవి. ఈ కడపటి దానికి 23 పెట్టెలున్నను తొంబదిమందికైనను చోటు లేదు. సాధారణపు స్లీపరు పెట్టె ఒక్కదానిలోనే 72 పడకలుండునని జ్ఞాపకముంచుకొన్నచో ఈ విలాసమెంతటిదో బోధపడును. టిక్కెట్టు ధర లక్షలలో నుండును.

ఇట్టి బండ్లు ఉండనేకూడదని మేము వాదింపము. సంపన్నుడగు విదేశీయుడు మన కోటలను చూడవచ్చి సొమ్ము వెచ్చించుట దేశమునకు నష్టము కాదు. రాకపోకలు సౌకర్యముగా లేని జైసల్మేరువంటి దూరపు నగరమునకు అతిథులను చేర్చుటయు మంచిపనియే. మా ప్రశ్న వేఱు. ప్రజాధనముతో వేసిన పట్టాలపై, ప్రజలందరి వారసత్వమగు కట్టడములను చూపుటకు నడచు ఈ బండ్లవలన, వాటిని కాపాడుచున్న ఊళ్లకును, వాటికి నిజమైన వారసులగు సామాన్యులకును చేకూరుచున్నదేమి?

హంపీని తీసికొందము. విఠలాలయము ముంగిటనున్న శిలారథమే గోల్డెన్ చారియట్ పేరునకు మూలము. దాని పెట్టెలకు కదంబ, హొయసల, రాష్ట్రకూట, చాళుక్య, శాతవాహన వంశముల పేరులు పెట్టిరి. పేరులు ఘనమైనవే. కాని అతిథి నిదురించునది బండిలో. భుజించునది బండిలోనో ముందుగా కుదుర్చుకొన్న హోటలులోనో. శిథిలములనడుమ ఆతడు గడపునది కొలది గంటలు మాత్రమే. ఆ ఊరి పూటకూళ్లమ్మకును ఆటోవానికిని ఈ యాత్రతో సంబంధమెక్కడ? 2011 జులైలో విరూపాక్షాలయము ఎదుటి బజారు మంటపములలో చిరకాలముగా కాపురముండి యాత్రికులకు అన్నపానములు సమకూర్చిన కుటుంబములను అధికారులు ఖాళీ చేయించిరి. ప్రాచీన మంటపములను రక్షింపవలసినదే. అందు సందేహము లేదు. కాని ఊరివారిని వారసత్వమునకు శత్రువులుగాను, దూరమునుండి వచ్చు అతిథిని దానికి పోషకునిగాను ఎంచు దృష్టి న్యాయమైనది కాదు.

మఱియొక లోపము కాలమునకు సంబంధించినది. ప్యాలెస్ ఆన్ వీల్స్ ఏడు రాత్రులలో జయపురము, సవాయి మాధోపురము, చిత్తోడు, ఉదయపురము, జైసల్మేరు, జోధపురము, భరతపురము, ఆగ్రా అను ఎనిమిది ఊళ్లను చూపును. సుమారు 700 ఎకరముల విస్తీర్ణము గల చిత్తోడు కోటకే ఒక దినము చాలదు. రాణా కుంభుని విజయస్తంభము నీడన ఛాయాచిత్రము తీసికొని బండి వేళకు పరుగెత్తువాడు చరిత్రను చూచెననుకొనుట భ్రమ.

ఇక సామాన్యుని సంగతి. గాంధీమహాత్ముడు 1917లో మూడవ తరగతి ప్రయాణికుల దురవస్థను గూర్చి వ్రాయుచు, తరగతుల నడుమ ధరలో గల తారతమ్యముకంటె సౌకర్యములలో గల తారతమ్యము మిక్కిలి హెచ్చని నిరూపించెను. ఆ వాదము నేటికిని మాసిపోలేదు. మైసూరునుండి హిందూపురము, అనంతపురము, గుంతకల్లుల మీదుగా హోసపేటకుపోవు హంపీ ఎక్స్‌ప్రెస్సులో జనరలు పెట్టెయందు నిలుచుండి పోవు రాయలసీమ విద్యార్థి కృష్ణదేవరాయల పేరు విననివాడు కాడు. వానికి రాజధాని శిథిలములను విప్పిచెప్పు ఏర్పాటు మాత్రము లేదు. 2021లో ప్రకటించిన ‘భారత్ గౌరవ్’ బండ్ల పథకము ఈ కొరతను కొంత తీర్చవచ్చును. 2023 మార్చిలో సికింద్రాబాదునుండి పూరీ, కాశీ, అయోధ్యలకు నడచిన అట్టి బండిలో స్లీపరు తరగతియు నుండెను. కాని ఈ పథకమున పుణ్యక్షేత్రములకే పెద్దపీట. చరిత్రస్థలములకును, బడిపిల్లలకును దానిలో తగిన చోటు కల్పింపవలసియున్నది.

విదేశీయులపైననే ఆధారపడిన వ్యాపారము ఎంత అస్థిరమైనదో మహమ్మారి తెలిపినది. 2020లో ఆగిన ప్యాలెస్ ఆన్ వీల్స్ మరల కదలినది 2022 అక్టోబరులోనే. స్వదేశీయుడు ఆదరించు యాత్ర అంతకాలము మూలపడియుండదు.

కావున మేము ప్రభుత్వమునకు మూడు సూచనలు చేయుచున్నాము. విలాసపు బండిలోని ప్రతి టిక్కెట్టునుండియు ఒక నిర్ణీత భాగమును ఆగిన ఊరి కట్టడముల పోషణకు కేటాయించి, ఆ లెక్కను ఏటేట ప్రకటింపవలెను. భోజనమును, మార్గదర్శనమును, వాహనమును వీలైనంతవరకు స్థానికులకే అప్పగింపవలెను. ఆ మార్గములందే స్లీపరు తరగతితో, విద్యార్థులకు తగ్గింపు ధరతో చరిత్రయాత్రా రైళ్లను నడుపవలెను. తెలుగునాట అందుకు స్థలముల కొఱత లేదు. లేపాక్షి హిందూపురము స్టేషనుకు పదునైదు కిలోమీటర్ల దాపుననే యున్నది. 2021లో ప్రపంచ వారసత్వ పట్టికకెక్కిన రామప్ప గుడికి వరంగల్లున బండి దిగినవాడు ఇంకను సుమారు డెబ్బది కిలోమీటర్లు పోవలెను. స్టేషను వాకిటనే బండి వేళకు సిద్ధముగా ఒక బస్సు నిలిచినచో ఆ దూరము దూరము కాదు.

శిలారథమును చెక్కిన శిల్పి, కోటగోడకు రాళ్లెత్తిన కూలివాడు సామాన్యులు. వారి మనుమలకు అందని వారసత్వము, ఎన్ని పట్టుతెరల కిటికీలనుండి చూపినను, పరాయిసొత్తే యగును.