ఏకాగ్రతకు కాపలా ఎవరు?

కార్యకర్తల శిక్షణా తరగతుల్లో 'సమయ పాలన' ఈమధ్య తప్పనిసరి పాఠమయింది. పొద్దున్నే పనుల జాబితా రాసుకోవాలి, ముఖ్యమైనవి ముందు పెట్టుకోవాలి, ఒకసారి ఒకే పని చెయ్యాలి, ఫోను దూరంగా ఉంచాలి. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు. నేనూ ఏళ్ళ తరబడి జాబితాలు రాసుకుంటున్నదాన్నే. అయితే అత్తగారి బీపీ మాత్రలు, గ్యాస్ బుక్ చెయ్యడం నా జాబితాలో ఎప్పుడూ ఉండేవి కావు. రాసుకోకపోయినా అవి జరిగిపోయేవి. రాసుకున్న వ్యాసమే మిగిలిపోయేది.

మనసు నిలపలేకపోవడం స్త్రీల స్వభావ లోపమన్నట్టు మాట్లాడే శిక్షకులతో నాకు పేచీ ఇక్కడే. కేంద్ర ప్రభుత్వం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటి చాకిరీ చేసే స్త్రీలు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు. చేసే కొద్దిమంది పురుషులు 97 నిమిషాలు. 2024 సర్వేకి స్త్రీల లెక్క 289కి దిగింది. అయిదేళ్ళకు పది నిమిషాలు! (1998-99లో ఆరు రాష్ట్రాల్లో జరిపిన ప్రయోగాత్మక సర్వేలో ఆంధ్రప్రదేశ్ లేనే లేదు.)

అంకెలకంటే నన్ను ఆలోచింపజేసింది లెక్కించే పద్ధతి. తెల్లవారుజాము 4 గంటల నుంచి మర్నాడు 4 దాకా రోజును అరగంట ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో కనీసం 10 నిమిషాలు చేసిన పనినే నమోదు చేస్తారు. కుక్కరు కూతలు లెక్కపెట్టడం, పాలవాడికి తలుపు తియ్యడం, చొక్కా గుండీ కుట్టివ్వడం, "నా కళ్ళజోడెక్కడ?" అంటే చెప్పడం ఇవేవీ పది నిమిషాల పనులు కావు. మన పొద్దును తునకలు చేసేవి ఇవే. అయిదు గంటల చాకిరీ ఒకెత్తు; మిగిలిన సమయంలోనూ ఎవరు ఎప్పుడు పిలుస్తారో తెలియకపోవడం ఒకెత్తు. తలుపేసుకుని రాసుకుంటున్న మగవాణ్ణి కదిలించడానికి ఇల్లంతా జంకుతుంది. ఆయన ఏకాగ్రతకు బయట ఒకరు కాపలా ఉన్నారు.

మరి మన సంస్థల్లో? గృహహింస గురించి చెప్పుకోవడానికి వచ్చిన స్త్రీతో మాట్లాడుతున్న కార్యకర్తను నివేదికలో అంకె కోసమనో, వాట్సాప్‌లో ఫొటో కోసమనో మధ్యలో లేపుతాం. తిరిగొచ్చేసరికి ఆ వచ్చినామె తన బాధ మళ్ళీ మొదటినుంచి చెప్పుకోవాలి. దీనికి కార్యకర్తకు శిక్షణ ఇప్పించి ఏం లాభం?

నా సూచన చిన్నది. రోజూ రెండు గంటలు ఫోనూ తలుపూ ఒకరే చూసుకోవాలి, వంతులవారీగా. ఆ రెండు గంటలూ మిగతావాళ్ళను ఎవరూ లేపకూడదు. టీ గ్లాసులు కడగడానికీ వంతు ఉండాలి, డైరెక్టరుతో సహా. ఆ పని ఆయమ్మకు వదిలేసి శ్రమ విభజన గురించి కరపత్రాలు రాయడం నాకు మింగుడుపడదు.

ఇంట్లో నేను ఈమధ్యే మాత్రలూ గ్యాసూ కూడా జాబితాలోకి ఎక్కించి, ఎదురుగా పేర్లు రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మొదటివారం ఎవరూ చూడలేదు. రెండోవారం మా అబ్బాయి అడిగాడు, "ఇందులో నా పేరెందుకుందమ్మా?" అని.